యమలోకానికి దారి క్యోటోలోనే

క్యోటో వెళ్లినవాళ్లు బంగారు మందిరం దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. కమో నది దాటి తూర్పున హిగాషియామా కొండల వైపు నడిచేవాళ్లకు మాత్రం, ఇళ్ల మధ్య ఓ వీధి మలుపులో రాతి స్తంభం కనిపిస్తుంది. దానిమీద ‘రొకుదో నో త్సుజి’ అని చెక్కి ఉంటుంది. అంటే ఆరు లోకాల కూడలి. దేవతలు, మనుషులు, అసురులు, పశువులు, ప్రేతలు, నరకవాసులు... చనిపోయినవారు కర్మను బట్టి ఈ ఆరింటిలో ఏదో ఒక జన్మ ఎత్తాల్సిందేనని బౌద్ధుల నమ్మకం. వెయ్యేళ్ల కిందట ఈ వీధి దాటితే తొరిబెనో శ్మశానమే.

ఈ నమ్మకాల నగరాన్నే 1993లో ‘కాస్మాలజీ ఆఫ్ క్యోటో’ పేరుతో కంప్యూటర్ గేమ్‌గా తెచ్చారు. అందులో మనం ఒంటిమీద నూలుపోగు లేకుండా రషోమోన్ ద్వారం బయట ఉంటాం. శవం మీది బట్టలు తీసుకుని కట్టుకుంటే గానీ కథ నడవదు. గెలుపు లేదు, పాయింట్లు లేవు. బిచ్చగాళ్లు, సన్యాసులు, దయ్యాల మధ్య చీకటి వీధుల్లో తిరగడమే. చస్తే ఆట ముగియదు, అసలు కథ అప్పుడే మొదలవుతుంది. చేసిన పాపాల లెక్క తేలుతుంది, నరకం కనిపిస్తుంది, మళ్లీ పుట్టి అదే నగరంలో పడతాం. కుక్కగానైనా పుట్టొచ్చు. అమెరికా సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ 1994లో ‘వైర్డ్’ పత్రికలో దీన్ని మనసారా మెచ్చుకున్నారు. వీడియో గేములు కళ కాలేవని తర్వాతి రోజుల్లో గట్టిగా వాదించిన మనిషే ఆయన!

ఈ గేమ్‌లోని చాలా కథలకు మూలం 12వ శతాబ్దపు ‘కొంజాకు మొనొగతారి’ సంకలనం. దాని తొలి భాగమంతా భారతదేశపు కథలే. పాపాల లెక్క చూసే ఎన్మా కూడా మన యముడే. ఇక్కడి నుంచి చైనా మీదుగా అక్కడికి చేరాడు.

ఆ రషోమోన్ ఇప్పుడు లేదు. 980లో గాలివానకు కూలాక మళ్లీ కట్టలేదు. ఆ చోట పిల్లల పార్కులో గుర్తుగా ఓ రాయి నిలబెట్టారంతే. కమోకు ఆవల మాత్రం పాత లోకం ఇంకా బతికే ఉంది. కూడలికి దగ్గర్లోనే రొకుదో చిన్నోజి గుడి ఉంది. దాని పెరట్లో ఒక బావి. 9వ శతాబ్దపు కవి, అధికారి ఓనో నో తకమురా పగలు చక్రవర్తి కొలువు చేసి, రాత్రి ఈ బావిలోంచి దిగి ఎన్మాకు సాయం చేసేవాడట. మన చిత్రగుప్తుడి లాంటి ఉద్యోగం!

ఏటా ఆగస్టు 7 నుంచి 10 వరకు ఇక్కడ జనం బారులు తీరుతారు. చిన్న మంటపంలో మూసి ఉంచిన గంట ఒకటి ఉంది. అది కంటికి కనిపించదు. గోడ రంధ్రంలోంచి వేలాడే తాడును తమవైపు లాగితే లోపల మోగుతుంది. ఆ మోత పాతాళందాకా వినపడి పితృదేవతలు ఇంటికి వస్తారని నమ్మకం. చెక్కపలకల మీద పోయినవారి పేర్లు రాయించి, కోయామాకి కొమ్మతో నీళ్లు చిలకరిస్తారు.

పక్కనే మినతోయా మిఠాయి దుకాణం. చనిపోయిన తల్లి దయ్యమై వచ్చి, సమాధిలో పుట్టిన తన బిడ్డ కోసం రోజూ రాత్రి ఇక్కడే మిఠాయి కొనుక్కెళ్లిందని కథ. తేనెరంగు పలుకులుగా ఉండే ఆ మిఠాయిని ఇప్పటికీ అమ్ముతున్నారు.

ఇంటి గుమ్మం దాటితే పరలోకం తగులుతుందన్న ఈ ఊరి ధీమాను ఆ గేమ్ పట్టుకున్నంత బాగా ఏ పర్యాటక పుస్తకమూ పట్టుకోలేదు. క్యోటో వెళితే ఒక పూట ఈ కూడలికి కేటాయించండి. కెయిహాన్ రైల్లో కియోమిజు-గోజో స్టేషన్లో దిగితే అక్కడికి నడిచే వెళ్లొచ్చు.