దానిమ్మ పేరు... పిడుగు తీరు!

చేత్తో విసిరే బాంబు ముప్ఫై, నలభై మీటర్లకు మించి వెళ్లదు. మోర్టార్ గుండు వందల మీటర్ల అవతల పడుతుంది. మరి ఈ రెంటికీ మధ్య నక్కిన శత్రువును కొట్టేదెలా? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. ఆ జవాబే... సైనికుడు భుజాన మోసుకెళ్లే గ్రెనేడ్ లాంచర్!

ఫ్రెంచి భాషలో గ్రెనేడ్ అంటే దానిమ్మ. గింజల్లా లోపల మందుగుండు కూరిన బాంబుకు ఆ పేరే స్థిరపడింది. పదిహేడో శతాబ్దంలో వాటిని విసరడానికి మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవారిని ఏరి తీసుకునేవారు. వాళ్లే గ్రెనేడియర్లు. అబ్దుల్ హమీద్, యోగేంద్రసింగ్ యాదవ్ లాంటి పరమవీరచక్ర విజేతలనిచ్చిన మన సైన్యంలోని 'గ్రెనేడియర్స్' రెజిమెంట్ పేరూ అలా వచ్చిందే.

తుపాకీ మూతికి గిన్నె

మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యాలు కందకాల్లో ఎదురెదురుగా కూర్చుండిపోయాయి. చేతిబాంబు అవతలి కందకాన్ని అందుకోలేదు. అప్పుడే రైఫిల్‌తో గ్రెనేడ్‌ను పేల్చే పద్ధతులు ఊపందుకున్నాయి. 1916లో ఫ్రెంచివారు తెచ్చిన వీబీ గ్రెనేడ్ వాటిలో తెలివైనది. రైఫిల్ మూతికి గిన్నెలాంటిది తగిలించి అందులో గ్రెనేడ్ పెట్టేవారు. తూటా దాని మధ్యనున్న రంధ్రంలోంచి దూసుకుపోతూ ఫ్యూజును ముట్టిస్తే, వెనకే వచ్చే వాయువు గ్రెనేడ్‌ను విసిరేసేది. దూరం పెరిగింది కానీ గురి కుదిరేది కాదు. పైగా తుపాకీ వెనక్కి తన్నే తన్నుకు భుజం ఆగదు. అందుకే మడమను నేలకు ఆనించి పేల్చేవారు.

కిటుకు దొరికింది

బరువైన గుండును దూరం విసరాలంటే ఒత్తిడి కావాలి. ఒత్తిడి పెరిగితే గొట్టం మందంగా ఉండాలి. అప్పుడది మనిషి మోసే బరువు కాదు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో జర్మన్లు ట్యాంకులను కొట్టే ఓ ఫిరంగి కోసం దీనికి ఉపాయం కనిపెట్టారు. మందు ముందు చిన్న గదిలో మండుతుంది. ఆ వాయువు సన్నటి రంధ్రాల గుండా పెద్ద గదిలోకి వచ్చేసరికి జోరు తగ్గి, గుండును మెల్లగా నెడుతుంది.

యుద్ధం తర్వాత అమెరికా ఇంజినీర్లు ఇదే సూత్రాన్ని 40 మిల్లీమీటర్ల గ్రెనేడ్‌లో ఇమిడ్చారు. అలా పుట్టిన ఎం79 లాంచర్ 1961లో సైనికుల చేతికొచ్చింది. బరువు మూడు కిలోలలోపే. మధ్యకు విరిచి ఒక్కో గుండే పెట్టాలి. దూరం సుమారు 350 మీటర్లు. పేల్చినవాడికే ముప్పు రాకుండా, గిరగిరా తిరుగుతూ కొంత దూరం వెళ్లాకే గ్రెనేడ్ పేలుడుకు సిద్ధమవుతుంది. 'థంప్'మనే మోతను బట్టి వియత్నాంలో సైనికులు దీనికి 'థంపర్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

ఒక్కటే లోటు. ఎం79 పట్టుకున్నవాడికి రైఫిల్ ఉండదు. శత్రువు దగ్గరికొచ్చేస్తే పిస్తోలే దిక్కు! అందుకే 1969లో రైఫిల్ గొట్టం కిందే బిగించే ఎం203ని వియత్నాంలో పరీక్షించారు. సోవియట్లు 1970లలో జీపీ-25ను రూపొందించారు. 1980లలో దక్షిణాఫ్రికా ఆరు గుండ్లు వరసగా పేల్చే లాంచర్ తెచ్చింది. మన దగ్గర తిరుచిరాపల్లి ఆయుధ కర్మాగారం ఈ రెండు రకాలనూ తయారుచేసింది.

పేలకపోతేనే ప్రమాదం

గాల్లో తిరిగి సిద్ధమైపోయి, మెత్తటి బురదలో పడి పేలని గ్రెనేడ్ సంగతేమిటి? అది అక్కడే ఉండిపోతుంది. వియత్నాం యుద్ధం 1975లో ముగిసింది. కానీ క్వాంగ్ త్రి లాంటి చోట్ల పొలాల్లో, పెరళ్లలో ఎం79 గ్రెనేడ్లు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. పిడికిట్లో ఇమిడే ఆ వస్తువును బొమ్మ అనుకుని తీసిన పిల్లలు ప్రాణాలు, కాళ్లూచేతులు పోగొట్టుకున్నారు. అందుకే అక్కడి బడుల్లో పిల్లలకు అక్షరాలతోపాటు మరో పాఠమూ చెబుతారు... నేల మీద అలాంటిది కనిపిస్తే ముట్టుకోవద్దు, పెద్దవాళ్లకు చెప్పండి అని!