అక్షరమునకు వంతెన

ప్రశ్నపత్రములను సైక్లోస్టయిలు యంత్రముపై తీసిన దినములు పెద్దవారగు ఉపాధ్యాయులకు జ్ఞాపకముండును. మైనపుకాగితముపై ఉక్కుమొన కలముతో వ్రాసెడివారు. గీత పడిన మేర మైనము తొలగి సిరా దిగెడిది. నా చిన్ననాట ఒక గణితపత్రమునందు సున్న చుట్టిన చేయి కొంచెము బరువుగా పడినది. నడిమి కాగితము ఊడిపోయి, సున్నకు మారుగా నల్లని చుక్క దిగినది. 105ను 1.5గా చదివి మార్కులు పోగొట్టుకొన్నవారిలో నేనొకడను.

స్టెన్సిలు అక్షరముల మర్మమంతయు ఆ చిన్న పొరపాటునందే ఉన్నది. రేకులో అక్షరమును కత్తిరించి, ఆ సందులగుండ రంగు దింపుదురు. సున్నవలె చుట్టును మూసికొన్న అక్షరమున నడిమి ముక్కకు ఆధారముండదు. దానిని వెలుపలి రేకుతో కలుపుచు సన్నని పట్టీని విడిచిపెట్టుదురు. దీనినే వంతెన యందురు. సంధి లేనిచోట రెండచ్చుల నడుమ యడాగమము నిలిచినట్లు, ఇది రెండు ముక్కల నడుమ నిలుచును. రేకులో వంతెన ఉన్నచోట వ్రాతలో ఎడమేర్పడును.

1937లో అమెరికాలో గెర్రీ పావెల్, రాబర్ట్ హంటర్ మిడిల్టన్ వేర్వేరుగా రూపొందించిన స్టెన్సిలు అచ్చులు లావుపాటివి. లావుగీతలో ఎడము అలంకారముగా ఇమిడిపోవును. సన్నగీతకు ఆ వీలు లేదు. వంతెన మరీ సన్నమైన తెగిపోవును. వెడల్పయిన అక్షరమే మారిపోవును. ఎడమప్రక్క గీతలు పోయిన 8 కాస్తా 3 అగును. కుడిసగము పోయిన నిండుసున్న అరసున్న యగును. ‘ఏడు’నకు ‘ఏఁడు’నకు గల భేదమెరిగిన మనకు ఇది అల్పవిషయము కాదు. కనుకనే నేర్పరి సున్నకు పైని, క్రింద మాత్రమే ఎడమిచ్చి ప్రక్కలను నిండుగా ఉంచును.

యంత్రముల, భవనముల పటములకు సన్నని అక్షరములే తగినవి. 1974లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 3098 అను అంతర్జాతీయ ప్రమాణము వీనికి కొలతలు నిర్ణయించినది. గీత మందము ‘ఎ’ తరగతిలో అక్షరపు ఎత్తున 14వ వంతు, ‘బి’ తరగతిలో 10వ వంతు. ఎత్తులు 2.5, 3.5, 5, 7, 10, 14, 20 మిల్లీమీటర్లు. ఒక్కొక్కటి ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఎ4 పటమును ఎ3 కాగితమునకు పెంచినచో అక్షరము సరిగా తరువాతి ఎత్తును చేరును.

నాడు పటములు గీయువారు ప్లాస్టిక్కు పలకలోని సందులగుండ కలము నడపి, పిమ్మట పలకను కొంచెము జరిపి ఎడములను పూడ్చెడివారు. నేడు పటములోని వ్రాత కంప్యూటరు పని. అయినను లోహపుపలకపై పేరును లేజరు కిరణముతో కోయునప్పుడు, వంతెన లేని సున్న నడిమి ముక్క నా ప్రశ్నపత్రములోవలెనే ఊడిపడును.

విద్యార్థులారా, ఒక అట్టపై ‘ఠ’ వ్రాసి కత్తిరించి చూడుడు. నడిమి ముక్క ఊడినచో లోపలి చుక్కయు దానితోనే పోవును. వంతెన ఎచ్చట నిలుపవలెనో వెదకుడు. ఆ అక్షరమున విడువదగిన గీత ఏదో, విడువరాని గీత ఏదో మీకే తెలియును.