సెలవులలో నగర వినోదములు

సెలవులు వచ్చినంతనే మన పల్నాటి కుటుంబములు పెక్కు హైదరాబాదునకు ప్రయాణమగుచుండును. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడిల మీదుగా సికింద్రాబాదు చేరు రైళ్లలో నొకదానికి పల్నాడు ఎక్స్‌ప్రెస్ అనియే పేరు. ఇంత శ్రమపడి పోయినవారు చేయునదేమి? చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియము చూచి, అంగళ్లు తిరిగి, అలసి ఇల్లు చేరుట. అవి చూడదగినవే. కాని కట్టడములు మనమెప్పుడు పోయినను అచ్చటనే యుండును. ఆట, వంట, పాట అను మూడును తమ వేళకు మాత్రమే లభించును. కనుక ప్రయాణమునకు ముందు స్థలముల జాబితాకంటె వేళల జాబితా వ్రాసికొనుట మేలు.

మొదట ఆటను గూర్చి. 1955 నవంబరులో హైదరాబాదు ఫతే మైదానమున న్యూజిలాండుతో తొలి టెస్టు జరిగినది. అందు పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసెను. టెస్టు క్రికెట్టులో భారతీయుడు సాధించిన మొదటి ద్విశతకమదియే. ఆ మైదానము 1967లో లాల్ బహదూర్ స్టేడియమైనది. 2010లో ఉప్పల్ స్టేడియమున జరిగిన తొలి టెస్టునకును ప్రత్యర్థి న్యూజిలాండే యగుట ఒక విశేషము. రేడియో వ్యాఖ్యాత పరుగుల లెక్కను మన ఇంటికి తెచ్చును. కాని బంతి పడుటకు ముందే ఆటగాండ్రు అడుగు అడుగుగా చోటు మారుటయు, వేలకొలది జనము ఒక్కసారిగా ఊపిరి బిగబట్టుటయు మైదానమున కూర్చున్నవారికే తెలియును. పెద్ద పోటీకి టిక్కెట్టు దొరకనిచో రంజీ ఆట చూడవచ్చును. అందు సందడి తక్కువైనను ఆట నెరుగుటకు అవకాశమెక్కువ.

వంటకును వేళ గలదు. హైదరాబాదు బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చిమాంసముపై సగముడికిన బియ్యము పరచి, మూత చుట్టును పిండితో మూసి, సన్ననిసెగపై మగ్గనిత్తురు. లోని ఆవిరియే రెంటిని ఉడికించును. మూత తీసిన తోడనే తిన్నవారిది అదృష్టము. గోధుమలు, మాంసము, పప్పులు, నేయి కలిపి గంటలకొలది కలియబెట్టి వండు హలీము రంజాను మాసమున వీధివీధిని సాయంకాలముల లభించును. దీనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. మాంసము ముట్టనివారికి ఇరానీ హోటళ్లు ఉండనే యున్నవి. అచ్చట తేయాకు డికాక్షనును, మరగి చిక్కబడిన పాలను వేరువేరుగా కాచి, గిన్నెలో కలుపుదురు. ఉస్మానియా బిస్కత్తు దానికి జోడు.

ఇక రంగస్థలము. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతిలో సంగీత, నాటక, నృత్య సభలు ఏడాది పొడుగునను జరుగుచుండును. సురభి వారి నాటకమున్నదని తెలిసినచో తక్కినవి మానుకొనియైనను చూడవలెను. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధతో ప్రారంభమైన ఈ నాటక కుటుంబములలో తరతరములుగా పిల్లలు, పెద్దలు అందరును వేషధారులే. తీగల సాయమున పాత్రలు గాలిలో తేలుట, క్షణములో తెర మారుట మన కన్నులయెదుటనే జరుగును. ఒకప్పుడు పదులకొలదిగా నుండిన సురభి సమాజములలో నేడు మిగిలినవి కొన్నియే. గానమును రేడియో దాచగలదు, చిత్రమును తెర దాచగలదు. నాటకమును దాచునది ప్రేక్షకుడొక్కడే. కుర్చీలు ఖాళీయైనచో ఆ విద్యయు ఖాళీయగును. కనుక మనము కొను టిక్కెట్టు వినోదమునకే గాక ఒక విద్య నిలుచుటకును వెలయగును.

ఈ మూడును పల్నాటికి క్రొత్తవి కావు. కార్తిక మాసాంతమున కారెంపూడిలో వీరుల ఉత్సవములు ఐదు దినములు జరుగును. అందొక దినమునకు కోడిపోరు అనియే పేరు. కులభేదము లేక అందరును ఒక్క చాపపై భుజింపవలెనని బ్రహ్మనాయుడు నెలకొల్పిన చాపకూడు ఆ వేడుకలలో నేటికిని స్మరింపబడుచున్నది. వీరవిద్యావంతులు పల్నాటి వీరగాథను ఎదుట నిలిచి పాడుదురు. ఎరుగనివారి ప్రక్కన కూర్చుండి ఒకే ఆటకు ఉలికిపడుట, ఒకే పంక్తిని తినుట, ఒకే పాటకు చెవియొగ్గుట, ఇదియే ఆ వేడుకల సారము. నగరమునకు పోయినప్పుడును దానినే వెదకవలెను. అచ్చట మనకు ఆతిథ్యమిచ్చిన బంధుమిత్రులను కార్తికమున కారెంపూడికి పిలుచుట మరవరాదు.