ఫొటో ప్రింటరు కొనదలచిన రైతునకు కొన్ని మాటలు

నౌపడ ఉప్పుమళ్ల గట్టుమీదను, టెక్కలి బజారునందును, పలాస జీడిపప్పు కార్ఖానాల యొద్దను ఈ నడుమ సభ్యులు పలువురు మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు. ఇంటిలో ఫొటోలు అచ్చువేసికొనుటకు ఎట్టి ప్రింటరు కొనవలెనని వారి ప్రశ్న. ఎరువును గూర్చియో, కొబ్బరికి పట్టిన పురుగును గూర్చియో అడుగవలసిన వ్యవసాయ ప్రదర్శకుని ఇట్టి ప్రశ్న అడుగుట వింతగా తోచవచ్చును. కాని దీని వెనుక నున్న బాధ యెరిగినవారికి ఇది వింత కాదు.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానము కొబ్బరితోటలును, జీడితోటలును ఒక్క పూటలో నేలకూలెను. తాతలు వేసిన చెట్లు పోయెను. ఇండ్లలో పెట్టెలు తడిసి పటములు పోయెను. అటుపిమ్మట ఒక ముసలి రైతు కూలిన మ్రాను మీద కూర్చుండి మాతో ననిన మాట నేటికిని మరపునకు రాదు: "సెట్టు మళ్లీ ఏసుకోవచ్చు బావూ, నాయిన బొమ్మ మళ్లీ ఎక్కడ్నుంచి తెత్తాం?" ఆయన తండ్రి తోటలో నిలుచుండగా తీసిన పటము ఒక్కటే యుండెను, నకలు లేదు. కుమారుని ఫోనులో దానికి ఫొటో యుండెనట గాని, ఆ ఫోనును వాననీటిలో చెడిపోయెను.

కావున ఫోనులోని బొమ్మను కాగితముమీదికి దించుకొనవలెనను కోరిక సహేతుకమైనదే. విత్తనమంతయు ఒకే గాదెలో నుంచరాదని యెరిగిన రైతు, జ్ఞాపకములను మాత్రము ఒకే ఫోనులో నేల యుంచవలెను? అయితే ఆ కోరికతో పట్టణమునకు పోయి, అంగడివాడు చూపిన చౌకయంత్రమును కొని తెచ్చుకొనినచో నష్టము కలుగును. మేమును ఒకప్పుడు అట్లే కొని నష్టపోతిమి. ఆరు నెలలు మూలనుంచి తీయగా దాని నోళ్లు ఎండిపోయియుండెను. క్రొత్త సిరాడబ్బీల వెల విచారింపగా యంత్రపు వెలకు ఇంచుమించు సమానమని తేలెను. ఎద్దు చౌకయని కొని, మేత వెల అడుగని వానివలె నైతిమి.

యంత్రముల రకములు

నేడు ఇంటికి తగినవిగా దొరకు ప్రింటర్లు ముఖ్యముగా నాలుగు విధములు.

మొదటిది సిరాడబ్బీ యంత్రము. చిన్న డబ్బీలలోని సిరాను సన్నని రంధ్రములగుండ కాగితముపై చిమ్మును. యంత్రము చౌక, డబ్బీ ప్రియము. డబ్బీలో సిరా స్వల్పము.

రెండవది సిరాతొట్టి యంత్రము. ఇదియు సిరా చిమ్మునదే గాని, సీసాతో సిరా పోసికొనుటకు తొట్లుండును. ఎప్సన్ సంస్థ ఇట్టి యంత్రములను 2010లో మొదట ఇండోనేషియాలో అమ్మెను. పిదప కానన్, హెచ్‌పీ సంస్థలును ఇట్టివి తెచ్చినవి. యంత్రము వెల యెక్కువ, సిరా ఖర్చు మిక్కిలి తక్కువ. వీనిలో నాలుగు రంగులవియు, ఆరు రంగులవియు గలవు. ఎప్సన్ ఎల్8050 ఆరు రంగులది. లేత నీలము, లేత గులాబి అదనముగా నుండుటచే ముఖచ్ఛాయ నునుపుగా వచ్చును. కాని దాని నలుపు సిరా నీటిలో కరగు జాతిది. దానితో అచ్చువేసిన దస్తావేజు నకలు తడిసినచో అలుకుకొనును.

మూడవది రంగుపట్టీ యంత్రము. కానన్ సెల్ఫీ సీపీ1500 వంటివి ఈ జాతివి. ఇందు సిరా చిమ్ముట లేదు. పట్టీమీది రంగు వేడికి ఆవిరియై కాగితమున నింకును. పసుపు, గులాబి, నీలము ఒకదానిపై నొకటి పడి, తుదకు పారదర్శకమైన పొర యొకటి పైన కప్పబడును. ఆ పొరచే తడిచేయి తగిలినను బొమ్మ చెడదు. ఎన్ని నెలలు వాడకున్నను ఎండిపోవు సిరా లేదు. పట్టీయు, కాగితమును కలిపి లెక్కగా అమ్ముదురు గనుక ఒక్కొక్క బొమ్మ ఖర్చు ముందుగనే తెలియును. కాని పోస్టుకార్డు పరిమాణమునకు మించిన బొమ్మ రాదు, దస్తావేజులకు పనికిరాదు. మఱియొక హెచ్చరిక: వాడిన పట్టీమీద ప్రతి బొమ్మయొక్క ఆనవాలు మిగులును. ఇంటి ఆడపడుచుల బొమ్మలుండవచ్చును గనుక దానిని ముక్కలుగా కత్తిరించి పారవేయవలెను.

నాలుగవది లేజరు యంత్రము. పొడిరంగును వేడితో కాగితమున కరిపించును. పట్టా నకళ్లకును, అర్జీలకును ఇది శ్రేష్ఠము, ఫొటోలకు కాదు. సిరా యంత్రపు నిగనిగలాడు ఫొటో కాగితమును దీనిలో నెన్నడును పెట్టరాదు. పైపూత కరగి యంత్రమునకు అంటుకొనును.

ఉప్పుగాలి సంగతి

మన తీరమున గాలిలో తేమ యెక్కువ. ఉప్పు ఆ తేమను పట్టి నిలుపును. తేమ పీల్చిన ఫొటో కాగితము వంకరపోవును, యంత్రములో చిక్కుకొనును, సిరా ఆరుట ఆలస్యమగును. కావున కాగితపు కట్టను విత్తనముల డబ్బావలె మూతబిగువైన పెట్టెలో నుంచి, ఆ పూటకు కావలసినన్ని రేకులే తీయవలెను. యంత్రమును సముద్రపు గాలి నేరుగా వీచు కిటికీ యొద్ద నుంచక, పని ముగిసిన పిదప శుభ్రమైన గుడ్డ కప్పవలెను.

గాలిలో తేమ యున్నను, సిరా రంధ్రములు మిక్కిలి సన్ననివగుటచే వాడకున్నచో ఎండిపోవును. వారమున కొకసారియైనను అన్ని రంగులు గల ఒక బొమ్మ వేయవలెను. యంత్రము తనను తాను కడుగుకొనునపుడు సిరా వ్యర్థమగును గనుక ఊరక కడిగింపరాదు. యంత్రమును దాని బొత్తాముతోనే ఆపవలెను. గోడ స్విచ్చి తీసివేసినచో సిరాముక్కు తన మూతక్రిందికి చేరకయే నిలిచి ఎండును. కరెంటు హఠాత్తుగా పోయినపుడు, మరల వచ్చిన వెంటనే యంత్రమును ఒకసారి తెరచి, బొత్తాముతో మూయవలెను.

బొమ్మ పంపు విధము

నాలుగంగుళముల వెడల్పు, ఆరంగుళముల పొడవు గల బొమ్మకు అంగుళమునకు 300 చుక్కల వంతున 1200 చుక్కలు ఒకవైపు, 1800 చుక్కలు మఱియొకవైపు చాలును. అనగా మొత్తము 21,60,000. నేటి సామాన్య ఫోనులు అంతకు పెక్కురెట్లు చుక్కలు గల ఫొటోలు తీయుచున్నవి. కావున బొమ్మ మసకగా వచ్చినచో తప్పు ఫోనుది కాక, పంపిన విధానముది కావచ్చును. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించబడును. దానిని డాక్యుమెంటుగా పంపినచో చెక్కుచెదరక చేరును.

అర్జీలకు అంటించు 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల పొడవు గల ఫొటోలు ఈ పరిమాణపు రేకున ఎనిమిది పట్టును. ఇది గృహస్థునకు చెప్పుకోదగిన ఆదా.

లెక్క చూతము

ఇక అసలు ప్రశ్న. ఉదాహరణకై యంత్రము వెల 15,000 రూపాయలనియు, అయిదేండ్లు పనిచేయుననియు అనుకొందము. ఒక కుటుంబము ఏడాదికి 60 బొమ్మలు వేసికొనినచో అయిదేండ్లకు 300 బొమ్మలు. సిరా, కాగితము లెక్కింపకయే యంత్రపు ఖర్చు బొమ్మకు 50 రూపాయలు పడును. పట్టణపు స్టూడియో దీనికంటె మేలు కాదా? అదే యంత్రమును ఇరువది కుటుంబములు కలిసి కొనినచో అయిదేండ్లకు 6,000 బొమ్మలగును. యంత్రపు ఖర్చు బొమ్మకు రెండున్నర రూపాయలు. వారమునకు ఇరువదిమూడు బొమ్మలు సాగును గనుక సిరా ఎండుటయు నుండదు. ఒక్కనికి భారమైనది పదిమందికి తేలికయగుట సహకార ధర్మము; ఈ యంత్రము విషయమున అది మఱింత స్పష్టము.

కావున మా సలహా ఇది. ఏడాదికి నూరు బొమ్మలకు మించని యిల్లు ప్రింటరు కొననే వద్దు. స్టూడియోలో వేయించుకొనుట మేలు. దూరమున నుండి అప్పుడప్పుడు మాత్రమే వేసికొనువారికి, ఎండు సిరా లేని రంగుపట్టీ యంత్రము తగును. వారము వారము పని గలవారికి సిరాతొట్టి యంత్రము లాభకరము. ఫొటోలు, దస్తావేజులు రెండును కావలసిన సంఘము ఫొటోలకు ఆరు రంగుల తొట్టి యంత్రమును, కాగితములకు చిన్న లేజరు యంత్రమును ఉంచుకొనవచ్చును. ఏది కొన్నను, యంత్రము వెలతోపాటు సిరా వెలయు, ఆ సిరాతో ఎన్ని రేకులు వచ్చుననియు, మరమ్మతుచేయువాడు దగ్గరలో నున్నాడా యనియు అడిగి వ్రాసికొనవలెను.

అచ్చువేసిన బొమ్మను ఒక పూట ఆరనిచ్చి, ఎండ తగులని చోట, తడిగోడకు ఆనకుండ నుంచవలెను. వెనుక పేరు, ఊరు, తేదీ మెత్తని పెన్సిలుతోనో, చెరగని కలముతోనో వ్రాయవలెను. తోట ఫొటోలును ఏటేట ఒకటి తీసి ఉంచుడు. అవి అధికారుల నష్టపు జాబితాకు బదులు కావు. కాని ఎన్ని చెట్లుండెనో, ఎంత కాపు కాచెనో చెప్పుకొనుటకు మీకు ఆధారమగును. ముఖ్యమైన బొమ్మకు రెండు ప్రతులు వేసి, ఒకటి తీరమునకు దూరముననున్న చుట్టముల యింట నుంచుడు.

పైని చెప్పిన ముసలి రైతు మరల కొబ్బరిమొక్కలు నాటెను. కాపు పట్టుటకు ఏండ్లు పట్టునని యెరిగియే నాటెను. ఈసారి మనుమనితో కలిసి ఆ లేతమొక్క ప్రక్కన నిలిచి పటము తీయించుకొని, రెండు ప్రతులు వేయించెను. ఒకటి తన యింట నున్నది. రెండవది టెక్కలిలో కుమార్తె యింట నున్నది. యంత్రము ఎవరిదని మేమడుగలేదు. ఆ రెండవ ప్రతియే మాకు సంతోషము కలిగించెను.