ఒక్క అడుగు విలువ

మాది రైల్వే కోడూరు దగ్గర మంగంపేట, ముగ్గురాయి గనుల ఊరు. మొన్న ఎండాకాలం సెలవులకు ఇంటికి పోతే, కట్టుబడికి తోలించిన ఇసక కుప్ప మీద మా చిన్నాయన కూతురు వరసగా పిల్లిమొగ్గలు వేస్తా ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. అరుగు మీద నుంచి మా అవ్వ ఒకటే కేకలు. "ఒసేయ్, ఆడపిల్లవి, మొగ్గలేందే? కాలో చెయ్యో ఇరిగితే నిన్నెవరు చేసుకుంటారే?"

పిల్ల నా దగ్గరికొచ్చి, "అన్నా, మొగ్గలేస్తే మెడల్ ఇస్తారంట, నిజమేనా? మన తెలుగోళ్లకు ఎవరికైనా ఇచ్చినారా?" అని అడిగింది.

ఇచ్చారు. ఆమె పేరు బుద్దా అరుణా రెడ్డి, హైదరాబాద్ అమ్మాయి. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో వాల్ట్ విభాగంలో కాంస్యం గెలిచింది. ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం అందుకున్న మొదటి భారతీయ జిమ్నాస్ట్ ఆమే. అప్పటికి వయసు 22. క్రికెట్ స్కోర్లన్నీ నోటికి చెప్పే మన హాస్టల్లో ఈ పేరు ఎంతమందికి తెలుసో మీరే అడిగి చూడండి.

అసలు వాల్ట్ అంటే ఏంటి?

ఆడవాళ్ల ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్‌లో నాలుగు విభాగాలు ఉంటాయి. వాల్ట్, ఎత్తు తేడాతో ఉండే రెండు కడ్డీలు, 10 సెంటీమీటర్ల వెడల్పున్న బీమ్, 12 మీటర్ల చదరపు నేల మీద చేసే ఫ్లోర్. వీటిలో అన్నిటికంటే త్వరగా అయిపోయేది వాల్ట్. 25 మీటర్ల లోపు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, స్ప్రింగ్ బోర్డు మీద ఎగిరి, 125 సెంటీమీటర్ల ఎత్తున్న టేబుల్‌ని చేతులతో తోసి, గాల్లో తిరిగి, అవతల కాళ్ల మీద నిలబడాలి. మొత్తం కొద్ది సెకన్ల పని.

ఆ గాల్లో తిరగడమే మన ఫస్టియర్ ఫిజిక్స్. చేతులు టేబుల్‌ని వదిలాక శరీరాన్ని తిప్పే బలం బయట నుంచి ఏదీ రాదు. కోణీయ ద్రవ్యవేగం ఎంత తెచ్చుకున్నామో అంతే. మోకాళ్లు ముడిచి ఉండలా చుట్టుకుంటే జడత్వ భ్రామకం తగ్గి వేగంగా తిరుగుతాం. ఒళ్లు కర్రలా నిటారుగా పెడితే మెల్లగా తిరుగుతాం. అందుకే ఒకే వాల్ట్ నిటారుగా చేస్తే కష్టం ఎక్కువ, మార్కులూ ఎక్కువే. దిగే ముందు ఒళ్లు విప్పి ఆ తిప్పుడుని అదుపు చేసుకోవాలి. విప్పడం ఆలస్యమైనా తూలుతాం, తొందరపడినా పడతాం. దిగేటప్పుడు మోకాళ్ల మీద, మడమల మీద పడే బలం శరీర బరువుకు ఎన్నో రెట్లు.

మార్కుల లెక్క

స్కోరులో రెండు భాగాలు. ఎంచుకున్న వాల్ట్ ఎంత కష్టమైనదో దాన్నిబట్టి వచ్చేది ఒకటి. ఎంత శుభ్రంగా చేశారో దానికి 10 నుంచి కోసుకుంటూ పోయేది రెండోది. దిగాక చిన్న అడుగు తప్పితే 0.1 పోతుంది, పెద్ద అడుగు పడితే 0.3, పూర్తిగా పడిపోతే 1.0. ఫైనల్లో రెండు వేర్వేరు వాల్ట్‌లు చేయాలి, రెండిటి సగటే చివరి స్కోరు.

ఇప్పుడు మెల్‌బోర్న్ చూడండి. స్లొవేనియా అమ్మాయి త్యాషా కిసెలెఫ్ 13.800తో బంగారం, ఆస్ట్రేలియా ఎమిలీ వైట్‌హెడ్ 13.699తో వెండి. అరుణకు 13.649. వెండికీ కాంస్యానికీ తేడా 0.050. సగటులో 0.050 అంటే ఒక వాల్ట్‌లో 0.1. అంటే ఒక్క చిన్న అడుగు!

రెండేళ్ల ముందు 2016 రియో ఒలింపిక్స్‌లో త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ కథా ఇదే. ఆమెకు 15.066, మూడో స్థానానికి 15.216. తేడా 0.150, ఒక వాల్ట్‌లో 0.3, అంటే ఒక్క పెద్ద అడుగు. పతకం చేజారి నాలుగో స్థానం దక్కింది.

ఆ అడుగు వెనక ఏళ్లు

అరుణ మొదట జిమ్నాస్ట్ కాదు, కరాటే పిల్ల. బ్లాక్ బెల్ట్ కూడా ఉంది. కూతురి ఒళ్లు వంగే తీరు చూసి, ఇది జిమ్నాస్టిక్స్‌కి పనికొచ్చే శరీరం అని గుర్తుపట్టింది తండ్రి నారాయణ రెడ్డి. చిన్నప్పుడే హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో చేర్పించారు. అక్కడ ఆమెను తీర్చిదిద్దుతున్న కోచ్ గిరిరాజ్ 2008లో ప్రమాదంలో చనిపోయారు. తర్వాత బ్రిజ్ కిశోర్ దగ్గర శిక్షణ కొనసాగింది. 2010లో తండ్రి కూడా పోయారు. పదిహేనేళ్లు నిండకముందే, తనను ఈ దారి పట్టించిన మనిషీ, చెయ్యిపట్టి నేర్పిన మనిషీ ఇద్దరూ లేకుండా పోయారు. మెల్‌బోర్న్ పతకాన్ని ఆమె నాన్నకే అంకితం చేసింది.

పతకంతో కథ సుఖాంతం కాలేదు. మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. జిమ్నాస్ట్‌కి మోకాలంటే మనకు ల్యాప్‌టాప్ పోవడం లాంటిది కాదు, కొత్తది కొనుక్కోలేం. అయినా తిరిగొచ్చి 2021 చివర్లో కైరోలో ఫారోస్ కప్‌లో వాల్ట్‌లో, ఫ్లోర్‌లో రెండు బంగారాలు గెలిచింది. ఇరవై దాటితే ఈ ఆట అయిపోయినట్టే అనేవాళ్లకు అదొక జవాబు. ఇంకో జవాబు దీపా. 30 ఏళ్ల వయసులో, 2024లో తాష్కెంట్‌లో ఆసియా ఛాంపియన్ అయి ఆ ఏడాదే రిటైరైంది.

ఇసక కుప్ప చాలదు

అరుణ కథలో నాకు పట్టుకున్నది ఒకటే. ఆమె ప్రతిభ నిజమే, కానీ చూసి గుర్తుపట్టిన తండ్రి ఉన్నాడు, ఉన్న నగరంలోనే స్టేడియం ఉంది, ఒక కోచ్ పోతే ఇంకో కోచ్ దొరికాడు. వీటిలో ఒక్కటి తప్పినా 13.649 లేదు. మా మండలంలో వాల్ట్ టేబుల్ ఒకటి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కొత్త విన్యాసాలు నేర్చుకునేటప్పుడు పడటానికి మెత్తటి ఫోమ్ గుంత కావాలి, మందపాటి చాపలు కావాలి, నడుం కింద చెయ్యి పెట్టి తిప్పే మనిషి కావాలి. ఇవేవీ లేకుండా గాల్లో పల్టీ కొడితే మెడ విరుగుతుంది. ఆ భయం వరకు మా అవ్వ తప్పు చెప్పలేదు. పెళ్లి మాట మాత్రం తప్పు.

తెల్లారి పిల్లని కూర్చోబెట్టి అరుణ మెల్‌బోర్న్ వాల్ట్ వీడియో చూపించాను. పరుగెత్తే ముందు చేతులకు తెల్లపొడి రుద్దుకోవడం చూసి, "అన్నా, ముగ్గురాయి పొడా?" అంది. కాదు, అది మెగ్నీషియం కార్బొనేట్, తేలికైంది, చెమట పీల్చి పట్టు ఇస్తుందని చెప్పాను. మన ముగ్గురాయి బేరియం సల్ఫేట్, బరువైంది, ఎక్కడో చమురు బావులు తవ్వేవాళ్లకు పోతుంది.

వెనక నుంచి అవ్వ కూడా ఫోన్లోకి తొంగి చూసింది. వీడియో అయిపోయినాక కాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "ఆ పిల్ల కింద చాప ఉంది కదరా" అంది.

అవును అవ్వా, అదే మాకూ కావాల్సింది.