అనువాదహక్కు – అంతర్జాతీయ ఒడంబడికలు

కొన్నేళ్ళ క్రిందట పశ్చిమాఫ్రికా రచయిత ఒకరి నవలను తెలుగు చేయవలెనని సంకల్పించి, హక్కులు గల విదేశీ ప్రచురణసంస్థకు ఉత్తరం వ్రాశాను. నాలుగు నెలలకు సమాధానం వచ్చినది. మర్యాదగానే వ్రాశారు. ముందుగా చెల్లించమన్న మొత్తం మాత్రం, మేము వేయదలచిన 500 ప్రతులు ఒక్కటి మిగలకుండ అమ్ముడుపోయినా చేతికి వచ్చే ధనంకంటె ఎక్కువ. వారిని తప్పు పట్టనక్కర లేదు. వారి లెక్క ఐరోపా విపణికి సరిపోయే లెక్క. నా అనువాదం తొమ్మిదవ ప్రకరణంలో ఆగిపోయినది. ఇటువంటి అనుభవం లేని అనువాదకులు మనలో అరుదు. ఆ ఉత్తరం వెనుక నిలిచిన చట్టం ఎవరి అవసరాన్ని బట్టి ఏర్పడినదో విచారించినవారు అంతకంటె అరుదు.

గ్రంథస్వామ్యంలో అనువాదహక్కు మొదటినుండి ఇమిడి ఉన్నది కాదు. 1853లో అమెరికాలో ఒక వ్యాజ్యం నడిచినది. హేరియట్ బీచర్ స్టోవ్ రచించిన 'అంకుల్ టామ్స్ కాబిన్' నవలను ఫిలడెల్ఫియాలోని ఒక జర్మన్ పత్రిక ఆమె అనుమతి లేకుండ జర్మన్‌లో ప్రచురించినది. అనువాదం మూలానికి నకలు కాదనీ, దానిని అడ్డుకొనే హక్కు రచయిత్రికి లేదనీ న్యాయస్థానం తీర్పు చెప్పినది. ఆంగ్లదేశ రచయితల పుస్తకాలను వారికి కానీ చెల్లించకుండ అచ్చు వేసుకొనడం 1891 వరకు ఆ దేశంలో చట్టసమ్మతమే. 1842లో డికెన్స్ స్వయంగా వెళ్ళి మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయినది. బెర్న్ ఒడంబడిక 1886లో ఏర్పడగా, అమెరికా అందులో చేరినది 1989 మార్చి 1న. సొంత ప్రచురణరంగం బలపడవలసిన కాలమంతా ఆ దేశం గడప బయటనే నిలిచినది.

బెర్న్ ఒడంబడిక సైతం తొలిరూపంలో అనువాదహక్కును పదేళ్ళకే పరిమితం చేసినది. ఏదైనా ఒక భాషలో పదేళ్ళలోగా అనువాదం వెలువడకపోతే ఆ భాష మట్టుకు రచయిత హక్కు తీరిపోతుందని 1896లో మార్చారు. 1908లో బెర్లిన్‌లో ఆ గడువు తొలగినది. అయితే కావలసిన దేశాలు పాత నియమాన్నే నిలుపుకొనవచ్చునన్నారు. జపాన్ నిలుపుకొన్నది. 1980 చివరివరకు దానిని వదలలేదు.

మనకూ అటువంటి పదేళ్ళ నియమం ఒకటి ఉండెడిది. 1914 నాటి భారత గ్రంథస్వామ్య చట్టం, బ్రిటిష్ ఇండియాలో మొదట ప్రచురితమైన గ్రంథాలపై అనువాదహక్కును పదేళ్ళకు కుదించినది. ఆ వ్యవధిలో రచయిత అనుమతితో ఒక భాషలోకి అనువాదం రాకపోతే, ఆ పైన ఆ భాషలో ఎవరైనా చేసుకొనవచ్చును. వంగ నవలలు తెలుగులోకి వెల్లువగా వచ్చిన దశాబ్దాలలో అమలులో ఉన్నది ఈ చట్టమే. దీనివలన పాఠకునికి లాభం కలిగినది, మూలరచయితకు నష్టం కలిగినది. రెంటిలో ఒకటే చెప్పి ఊరుకొంటే అది వకీలు వాదమవుతుంది. స్వతంత్ర భారతం 1957లో చేసిన చట్టం, 1958 జనవరిలో అమలుకు వచ్చి, పదేళ్ళ నియమాన్ని తీసివేసినది. దానికి బదులు 32వ సెక్షనులో ఒక కిటికీ ఉంచినది: గ్రంథం వెలువడి ఏడేళ్ళు గడచినా ఒక భాషలో అనువాదం రాకపోతే, కాపీరైట్ బోర్డుకు దరఖాస్తు పెట్టి, తగిన రాయల్టీ చెల్లించి, ఆ భాషలో ప్రచురించే అనుమతి పొందవచ్చును.

ఇక అసలు పోరు 1967లో స్టాక్‌హోమ్‌లో జరిగినది. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలు, భారతదేశం ముందు నడువగా, తమ విద్యావసరాలకు గ్రంథాలు సులభంగా లభించేటట్లు ఒడంబడికను సడలించమన్నవి. అనువాదానికి పదేళ్ళ నియమం మళ్ళీ రావలెనన్నవి. గ్రంథస్వామ్యం గడువు తగ్గించుకొనే వీలు కోరినవి. సభ అంగీకరించినది, ప్రోటోకాల్ తయారైనది. సంపన్న దేశాల ప్రచురణకర్తలు మండిపడ్డారు. ఎవరి గ్రంథాలకు గిరాకీ ఉన్నదో ఆ దేశాలు ఆమోదించకపోవడంతో అది కాగితంమీదనే నిలిచిపోయినది. 1971 జులైలో పారిస్‌లో రాజీ కుదిరినది. బెర్న్ ఒడంబడికకు చేర్చిన నేటి అనుబంధం ఆ రాజీ ఫలితమే.

ఆ అనుబంధాన్ని అనుసరించి 1983లో మన చట్టాన్ని సవరించారు. విదేశీ గ్రంథం వెలువడి మూడేళ్ళు గడచిన పిమ్మట భారతీయ భాషలలోకి అనువాదానికి లైసెన్సు అడుగవచ్చును. సంపన్న దేశాలలో సాధారణ వ్యవహారంలో లేని భాష అయితే ఒక్క ఏడాదే. తెలుగు ఈ రెండవ తరగతికి చెందుతుంది. (అమెరికాలో తెలుగువారు నానాటికి పెరుగుతున్నారు కనుక, తెలుగు అక్కడ సాధారణ వ్యవహారభాషయే అని రేపు ఎవరైనా వాదిస్తే మన గడువు మూడేళ్ళవుతుంది. ప్రతిష్ఠకు కూడ మూల్యం ఉంటుంది కాబోలు!) అయితే ఈ లైసెన్సు బోధన, పాండిత్యం, పరిశోధన అనే మూడు ప్రయోజనాలకే. రసాయనశాస్త్ర పాఠ్యగ్రంథానికి దారి ఉన్నది. నా నవలకు లేదు. నవలను నవలగా చదువుకొనడం ఈ మూటిలో దేనిక్రిందికీ రాదు. పాత ఏడేళ్ళ కిటికీకి అటువంటి షరతు లేదు గాని, విదేశీ నవలకు దానిని వాడబోతే అనుబంధపు పరిమితులతో పొంతన కుదరక తగవు తప్పదు. 1971లో సంపన్న దేశాలు విడిచిపెట్టినది విద్యను. సాహిత్యాన్ని తమ గుప్పిటనే ఉంచుకొన్నవి. ఈ అనుబంధాన్ని వర్ధమాన దేశాలు ఎంత అరుదుగా వినియోగించుకొన్నవో చూస్తే, ఇచ్చినదైనా చేతికి అందేటట్లు ఇచ్చినది కాదనిపిస్తుంది. 1994 నాటి వాణిజ్య ఒప్పందం బెర్న్ నియమాలను ఈ అనుబంధంతో సహా తనలో కలుపుకొన్నది. అప్పటినుండి ఉల్లంఘనకు వర్తకపు శిక్షలు తోడైనవి.

మన పక్షమూ నిష్కళంకం కాదు. స్టాక్‌హోమ్‌లో గడువులు తగ్గించమన్న దేశమే, రవీంద్రుని రచనలపై హక్కు 1991తో ముగియవలసి ఉండగా, అందరి గ్రంథాల గడువును 50 ఏళ్ళనుండి 60కి పెంచినది. ఒక కవి గ్రంథాలకోసం తెలుగు రచయితల గ్రంథాలన్నీ మరి పదేళ్ళు వారసుల ఇనుపపెట్టెలలో ఉండిపోయినవి. పెట్టె తాళం ఎవరి దగ్గర ఉన్నదో తెలియక పునర్ముద్రణ ఆగిన పుస్తకాలను మనలో ప్రతివారమూ రెండు మూడు చెప్పగలం.

లైసెన్సుతో వెలువడిన అనువాదాన్ని ఎగుమతి చేయడం కూడ నిషిద్ధం. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిషు కాని భాష అయితే ప్రభుత్వం పంపవచ్చును. అదీ వర్తకం కోసం కాక, ఆ దేశ ప్రభుత్వపు అనుమతితో, అక్కడ నివసించే భారత పౌరులకు. డల్లాసులో స్థిరపడి అక్కడి పౌరసత్వం పుచ్చుకొన్న తెలుగు పాఠకుడు ఆ లెక్కలోకి రాడు.

ఇంతమాత్రం చేత ఆ కిటికీని మూసినట్లే భావించి ఊరుకొనరాదు. శాస్త్ర, విమర్శ గ్రంథాలను తెలుగు చేయదలచినవారు తెలుసుకొనవలసినవి కొన్ని ఉన్నవి. ముందుగా హక్కుదారుని అనుమతి కోరవలెను. అతడు నిరాకరించాడనో, వెదకినా దొరకలేదనో రుజువు చూపవలెను. దొరకనప్పుడు, గ్రంథంపై పేరున్న ప్రచురణకర్తకు ఆ విజ్ఞప్తి నకలును రిజిస్టర్డ్ ఎయిర్‌మెయిలులో దరఖాస్తుకు కనీసం రెండు నెలల ముందే పంపి ఉండవలెను. ఏడాది గడువు గల మన భాషకు, ఆ విజ్ఞప్తి చేసిన నాటినుండి మరి తొమ్మిది నెలలు వేచి ఉండవలెను. ఈలోగా హక్కుదారుడే తెలుగు అనువాదం వెలువరిస్తే దరఖాస్తు చెల్లదు. కాపీరైట్ బోర్డు 2017లో వేరొక ట్రిబ్యునలులో లీనమైనది. 2021లో అదీ రద్దయినది. ఇప్పుడు వెళ్ళవలసినది వాణిజ్య న్యాయస్థానానికి. అక్కడ మొదట అడిగేది తపాలా రసీదు.