కొత్త బూట్లు, పాత మడమ

నేను పరుగు మొదలుపెట్టింది సరదాకి కాదు. మూడేళ్ళ క్రితం రక్తపరీక్షలో హెచ్‌బిఎ1సి 6.1 వచ్చింది. షుగరు గుమ్మం దాకా వచ్చిందన్నారు డాక్టరు. నాన్నగారికి నలభయ్యో ఏటే వచ్చింది. నాదేమో రోజంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం. అందుకని ఎడిసన్‌లో మా ఇంటి దగ్గర పార్కులో పరిగెత్తడం మొదలుపెట్టాను.

రెండేళ్ళు బాగానే సాగింది. తర్వాత ఒక మిత్రుడి మాట విని, మడమ దగ్గర ఎత్తు లేని బూట్లు కొన్నాను. మొదటి వారమే ఎప్పటిలాగా పదిహేను మైళ్ళు పరిగెత్తాను. మూడో వారానికి పొద్దున్నే మంచం దిగితే మడమ వెనక సూదులు గుచ్చినట్టు నొప్పి. అయిదు నెలలు పరుగు బంద్.

ఫిజియోథెరపిస్టు "ఇక పరిగెత్తొచ్చు" అన్న రోజు సంతోషం కన్నా భయమే ఎక్కువ వేసింది. ఈసారి ఏ బూట్లు కొనాలి? నాలాంటి వాళ్ళకి పనికొస్తుందని, నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందుగా 'డ్రాప్' సంగతి. బూటు అడుగు మడమ కింద ఎంత మందం, వేళ్ళ కింద ఎంత మందం అన్న తేడానే డ్రాప్. మామూలు బూట్లలో ఇది 8 నుంచి 12 మి.మీ. దాకా ఉంటుంది. నేను కొన్నవాటిలో సున్నా. డ్రాప్ తగ్గితే పిక్కల మీద, వాటిని మడమ ఎముకకి కట్టి ఉంచే అకిలిస్ టెండన్ మీద భారం పెరుగుతుంది. డ్రాప్ పెరిగితే అక్కడ కొంత తగ్గి, మోకాలి మీదకి వెళ్తుంది. మన భాషలో చెప్పాలంటే బూటు లోడ్ బాలెన్సరు లాంటిది. ట్రాఫిక్‌ని తగ్గించదు, ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకి మళ్ళిస్తుంది. అందుకే "ఏది మంచి బూటు?" అని కాక, "నాలో ఏ సర్వరు పడిపోయింది?" అని అడగాలి. నాకు పడిపోయింది మడమ కాబట్టి 10 మి.మీ. డ్రాప్ తీసుకున్నాను. మోకాలు దెబ్బతిన్నవాళ్ళకి ఇదే సలహా పనికిరాకపోవచ్చు.

రెండోది, పాదం వాలు. దుకాణంలో నన్ను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వీడియో తీసి, "మీ పాదం లోపలికి వాలుతోంది, స్టెబిలిటీ షూ కావాలి" అన్నారు. వినడానికి శాస్త్రీయంగానే ఉంది. కానీ 2009, 2010లలో అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ల రిక్రూట్ల మీద చేసిన అధ్యయనాలు వెలువడ్డాయి. అరికాలి ఆకారాన్ని బట్టి బూట్లు ఇచ్చినవాళ్ళకీ, అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్ళకీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్నో నిగ్, సహచరులతో కలిసి 2015లో ఇంకో మాట ప్రతిపాదించారు: కాలికి హాయిగా ఉన్నదాన్నే ఎంచుకోండి.

హాయిని కొలవడానికి కొన్ని చిట్కాలు. సాయంత్రం పూట వెళ్ళండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పరుగుకి వాడే మేజోళ్ళే వేసుకోండి. పొడుగాటి వేలి ముందు బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. మన ఊళ్ళో కొనే 8 నంబరు ఇంగ్లండు కొలత, మగవాళ్ళకి ఇక్కడ అది దాదాపు 9 అవుతుంది. వెడల్పు కూడా అడగండి: మగవాళ్ళకి మామూలుది డి, వెడల్పాటి పాదాలకి 2ఇ. కార్బన్ ప్లేటు ఉన్న పందెం బూట్ల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. అవి బిరుసుగా ఉంటాయి, కోలుకుంటున్న కాలికి మరో కొత్త మార్పు.

చివరిగా, నా అసలు తప్పు బూటు కాదు. బూటు మార్చిన వారమే మైళ్ళు తగ్గించకపోవడం. ప్రొడక్షన్‌లో పెద్ద మార్పుని ఒక్కసారిగా అందరికీ వదలమని మనకి తెలుసు కదా! ఈసారి కొత్త జతతో ముందు ఇంట్లో నడిచాను. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు మడమ ఏమంటుందో విన్నాకే తర్వాతి మెట్టు.

ఇప్పుడు ఆగకుండా రెండు మైళ్ళు వెళ్తున్నాను. వచ్చే నెల మళ్ళీ రక్తపరీక్ష ఉంది.